ఖాళీ గడిలో సున్నా రాసిన ఇర్మెలి తాస్కినెన్ గారు

1984వ సంవత్సరం ఆగస్టు ఇరవయ్యో తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, సర్కయోకి చర్చి సంఘానికి చెందిన సమాధుల తోట కార్యాలయంలో రికార్డు గుమాస్తాగా శ్రీమతి ఇర్మెలి తాస్కినెన్ గారు బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఐదేళ్లు. ముప్పై తొమ్మిది సంవత్సరాల మూడు నెలల సుదీర్ఘ సేవానంతరం, ఈ నవంబరు ముప్పయ్యో తేదీన ఆమె పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ మన పట్టణంలో కన్నుమూసిన పదకొండు వేల పైచిలుకు మంది, ఆమె చేతిరాత మీదుగానో, ఆమె కట్టిన డేటాబేస్ మీదుగానో తమ చివరి చోటికి చేరుకున్నారు.

ఈ అభినందన సంచికకు రెండు పుటలకు మించకుండా, ఉల్లాసభరితంగా ఒక వ్యాసం రాయవలసిందిగా కార్యాలయం ఈ వ్యాసకర్తను కోరింది. పుటల విషయంలో మాట తప్పుతున్నందుకు అతను ముందుగానే మన్నింపు కోరుతున్నాడు. ఉల్లాసం విషయంలోనూ అంతే. ఈ వ్యాసకర్త సమాధుల తోట పర్యవేక్షకుడు. ఇర్మెలి గారు పంపిన చీటీ చదివి, చీటీలో ఉన్న చోట భూమిని తవ్వడం గత ముప్పై ఒక్క సంవత్సరాలుగా అతని వృత్తి. కనుక ఆమె పనిలోని ఖచ్చితత్వం గురించి చెప్పడానికి అతనికి అర్హత ఉంది. తక్కిన కొన్ని విషయాలు చెప్పడానికి అర్హత ఉన్నదో లేదో చదువరులే నిర్ణయించగలరు.

ఆమె చేరిన నాటికి రికార్డులన్నీ తోలు అట్టల పుస్తకాలలో ఉండేవి. మన తోటలో ప్రతి సమాధికీ రెండు గుర్తులు: ఒకటి వరుస, రెండవది ఆ వరుసలో దాని సంఖ్య. ఏడో వరుస అన్న మాట పుస్తకంలో వందసార్లు రావచ్చు. పన్నెండు అన్న సంఖ్య ప్రతి వరుసలోనూ ఉంటుంది. కానీ ఏడో వరుస, పన్నెండో సంఖ్య అనే జత మాత్రం పుస్తకమంతటా ఒక్కసారే రావాలి. రెండోసారి వచ్చిందంటే, ఒకే గోతికి ఇద్దరు మనుషులను పంపుతున్నామని అర్థం. ఈ చిన్న విషయాన్ని ఆమె తన ఉద్యోగ జీవితమంతా అతి పెద్ద విషయంగా పరిగణించారు. మనలో చాలామంది దాన్ని చిన్న విషయంగానే ఉంచేశాం.

1991లో కార్యాలయానికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు, దాని మీద కప్పిన గుడ్డ తీయడానికే పెద్దలు జంకుతున్న కాలంలో, ఇర్మెలి గారు సొంత ఆసక్తితో కార్మిక విద్యాలయంలో సాయంత్రపు తరగతులకు చేరి డేటాబేస్ విద్య నేర్చుకున్నారు. పద్నాలుగు నెలలపాటు పుస్తకాలలోని ప్రతి పేరునూ పట్టికలోకి ఎక్కించారు. వరుస, సంఖ్య అనే రెండు గడులను జతగా కలిపి, ఆ జత మళ్లీ వస్తే యంత్రం దానిని నిరాకరించి తీరాలని నియమం పెట్టారు. అయితే, ఒక చిక్కు మిగిలింది. చర్చి పక్కన పైన్ చెట్ల కింద ఉన్న పాత భాగంలో వరుసలు లేవు. అడుగున బండరాయి ఉండడం వల్ల మన తాతలు ఎక్కడ గునపం దిగితే అక్కడే తవ్వి, ఇనుప మేకుకు ఒక సంఖ్య మాత్రం తగిలించారు. అక్కడి సమాధులకు వరుస గడి ఖాళీ. ఆ ఖాళీని యంత్రం ఎలా చూస్తుందన్నదే చిక్కు.

ఆ సంగతిని ఆమె అప్పటి ప్రధాన పాస్టర్ గారికి విశదపరచిన తీరు ఇప్పటికీ పాత సిబ్బంది చెప్పుకుంటారు. 1992 డిసెంబరులో సిబ్బందికి క్రిస్మస్ విందు జరిగింది. కొత్తగా చేరిన ఈ వ్యాసకర్త కూడా అక్కడే ఉన్నాడు. కుర్చీల చీటీలు పంచే బాధ్యత ఇర్మెలి గారిది. పాస్టర్ గారు తన చీటీ పట్టుకుని మూడో బల్ల, ఐదో కుర్చీ దగ్గరికి వెళ్లేసరికి, అందులో భారీకాయుడైన ఆర్గాన్ వాద్యకారుడు కూర్చుని అప్పటికే పంది మాంసం కోసుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఇది నా కుర్చీ."

"నా చీటీలోనూ ఇదే ఉందండి. మూడు, ఐదు. కావాలంటే చూడండి."

ఇర్మెలి గారు లేచి నిలబడ్డారు. "మీరిద్దరూ బతికున్నారు కాబట్టి ఒకరు లేచి పక్కకి జరుగుతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు జరగలేరు."

అందరూ గొల్లుమన్నారు. ఆమె అక్కడితో ఆపలేదు. మరో ఇద్దరికి బల్ల సంఖ్య రాయకుండా, 'కుర్చీ 5' అని మాత్రమే రాసి ఇచ్చి ఉన్నారు. "మీ ఇద్దరివీ ఒకటే కుర్చీనా?" అని అడిగారు.

"ఏమో, బల్ల రాయలేదు కదా! ఒకటే కావచ్చు, కాకపోవచ్చు."

"యంత్రం కూడా సరిగ్గా అలాగే అంటుంది. తెలియనిదీ తెలియనిదీ ఒకటే అని అది ఒప్పుకోదు. వరుస గడి ఖాళీగా వదిలేస్తే, ముప్పై రెండో నంబరు పాత భాగంలో పదిసార్లు రాసినా అది నోరు మెదపదు. అందుకే అక్కడ సున్నా పెడతానంటున్నాను. సున్నా అంటే ఒక మాట. ఖాళీ అంటే ఏ మాటా కాదు."

పాస్టర్ గారు నవ్వుతూ, "పెట్టమ్మా, నీ సున్నా నువ్వు పెట్టుకో. ముందు నాకొక కుర్చీ ఇప్పించు," అన్నారు. ఆ విధంగా పాత భాగానికంతటికీ వరుస గడిలో సున్నా వచ్చింది. రెండు గడులలో ఏదీ ఖాళీగా ఉండరాదని, జత ఎన్నడూ పునరావృతం కారాదని నియమం స్థిరపడింది. పందొమ్మిది సంవత్సరాలపాటు మన తోటలో ఒక్క పొరపాటైనా జరగలేదు. జరగని పొరపాట్లకు ఎవరూ సన్మానం చేయరు గనుక, ఆ పందొమ్మిది సంవత్సరాల గురించి కార్యాలయ చరిత్రలో ఒక్క వాక్యం కూడా లేదు.

2001 మే నెలలో శ్రీమతి హెల్వీ పుర్హోనెన్ గారి భర్త అర్వో గారు కాలం చేశారు. పాత భాగంలో ముప్పై ఒకటో చోట ఆయనను ఉంచాం. కింద బండ ఉన్నందున ఒకరి మీద ఒకరిని పెట్టే లోతు అక్కడ దొరకలేదు. అందువల్ల పక్కనున్న ముప్పై రెండును తన కోసం అట్టిపెట్టమని హెల్వీ గారు స్వయంగా కార్యాలయానికి వచ్చారు.

"ఆయన ఎప్పుడూ ఎడమ పక్కనే పడుకునేవాడు. నాది కుడి. చూసి రాయమ్మాయ్."

"కుడే రాశానండి. సున్నా, ముప్పై రెండు. మీది."

"ఇంకో మాట. నన్ను మాత్రం కాల్చొద్దు. నేను పైన ఉత్తరాన పుట్టాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు, యుద్ధంలో, జర్మన్లు వెళ్లిపోతూ మా ఇల్లు తగలబెట్టారు. గుట్ట మీద నిలబడి చూశాం. ఆ వాసన నాకింకా పోలేదు. మట్టిలో పెట్టండి చాలు."

ఇర్మెలి గారు ఆ కోరికను కూడా నమోదు చేసి, కాగితం మీద ముద్రించి, ఆమె చేత చదివించి సంతకం తీసుకున్నారు. అటువంటి కాగితాన్ని ఒక మనిషి ఎంత భరోసాతో ఇంటికి తీసుకువెళ్తాడో ఆ కౌంటరు వెనుక కూర్చున్నవారికే తెలుస్తుంది.

2011లో చుట్టుపక్కల మూడు చర్చి సంఘాలు ఏకమైనాయి. పరిపాలనాధిపతిగా శ్రీ హన్ను కర్వినెన్ గారు వచ్చారు. మూడు సంఘాల రికార్డులనూ కలుపుతూ కొత్త ప్రోగ్రాం కొన్నారు. రికార్డులను అందులోకి ఎక్కించేటప్పుడు, జత నియమం రెండు వందల పన్నెండు నమోదులను తిప్పికొట్టింది. పైగా, తెర మీది పటంలో 'వరుస సున్నా' అని కనబడడం అందంగా లేదని, సున్నాలన్నిటినీ తుడిచి ఖాళీ చేయాలని నిర్ణయం జరిగింది. ఏప్రిల్ పద్నాలుగో తేదీ గురువారం నాడు జరిగిన సమావేశంలో నలుగురు ఉన్నారు: హన్ను గారు, సంఘ కార్యదర్శి పిర్యో గారు, మూడు పుటల వినతిపత్రం చేత పట్టుకుని ఇర్మెలి గారు, ఈ వ్యాసకర్త. ఆ రోజు జరిగిన సంభాషణ అతనికి ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది.

"ఆ నియమం ఉంటే రెండొందల పన్నెండు లోపలికి రావట్లేదు ఇర్మెలీ. సోమవారం కొత్తది మొదలవ్వాలి."

"రావట్లేదంటే అవి రాకూడనివని అర్థం. ఒక్కొక్కటీ తోటలోకెళ్లి చూడాలి. మూడు వారాలివ్వు."

"మూడు వారాలా? చచ్చినవాళ్లకి అంత తొందరేముంది?"

"వాళ్లకి లేదు. వాళ్ల పక్కన చోటు ఉంచుకున్నవాళ్లకి ఉంది."

"సరే, ఇప్పటికి నియమం తీసేద్దాం. తర్వాత తీరిగ్గా పెట్టుకుందాం."

"తర్వాత ఎక్కదు హన్ను. తప్పుడు జతలు ఒకసారి లోపలికొచ్చాయంటే, అవన్నీ ఏరిపారేసేదాకా ఆ నియమాన్ని యంత్రం తీసుకోదు. ఏరడానికి అప్పుడు కూడా నువ్వు టైమివ్వవు. సున్నాలు తుడిచేస్తే ఇంకా దారుణం. పాత భాగంలో తప్పులు జరిగినా మనకి తెలియను కూడా తెలియదు."

హన్ను గారు కుర్చీలో వెనక్కి వాలి ఈ వ్యాసకర్త వైపు తిరిగారు. "సౌలీ, నువ్వేమంటావ్? తవ్వేవాడివి నువ్వే కదా."

"నాదేముంది, తవ్వమన్న చోట తవ్వుతాను."

ఆ మాటకు ఇద్దరు నవ్వారు. చెప్పినవాడు కూడా నవ్వాడు. ఇర్మెలి గారు తమ మూడు పుటలనూ బల్ల మీద పెట్టి, వాటి అంచులు సరిచేసి, బయటికి వెళ్లిపోయారు. సమావేశపు నివేదికలో 'విషయం చర్చించబడినది' అని ఉంది. నియమమూ సున్నాలూ లేకుండానే సోమవారం నాడు కొత్త ప్రోగ్రాం ప్రారంభమైంది. కేకు కోశారు.

ఐదు సంవత్సరాలు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్ని హన్ను గారు తమ విజయంగా భావించారు. 2016 మార్చి మొదటి వారంలో, ఇర్మెలి గారు స్కీ సెలవులకు వెళ్లిన రోజుల్లో, శ్రీ ఓస్మో లిందెల్ అనే పెద్దమనిషి మరణించారు. పాత భాగంలో చోటు దొరుకుతుందా అని వారి కుటుంబం అడిగింది. పట్టికలో ముప్పై రెండు రెండుసార్లు ఉంది: ఒకటి హెల్వీ గారికి అట్టిపెట్టినది, రెండవది ఏదో పాత పటం జాబితాలోంచి దిగుమతి అయి, 'ఖాళీ' అని చూపుతున్నది. రెండింటికీ వరుస గడిలో ఏమీ రాసి లేదు కనుక యంత్రానికి అవి రెండు వేర్వేరు చోట్లు. కొత్త గుమాస్తాకు రెండోది కనబడింది. ఆ అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదు. ఆమె చీటీ రాసి పంపింది.

ఆ చీటీ అందుకున్నది ఈ వ్యాసకర్త. భూమి గడ్డకట్టి ఉన్నందున రెండు రోజులు వేడి పరదాలు పరిచి, మూడో రోజు తవ్వాడు. అర్వో పుర్హోనెన్ పక్కన తవ్వుతున్నానని అతనికి తెలుసు. ఆ సమాధికి ప్రతి శనివారమూ ఒక ముసలమ్మ వచ్చి, పువ్వులు సర్ది, చీపురుతో మంచు ఊడ్చి వెళ్తుందనీ తెలుసు. గునపం ఒకసారి ఆగింది. చీటీ ఉంది కదా అనుకున్నాడు. తవ్వాడు.

ఆ శీతకాలమంతా తుంటి నొప్పితో ఇంటికే పరిమితమైన హెల్వీ గారు, మంచు కరిగాక ఏప్రిల్ రెండో వారంలో కర్ర పట్టుకుని వచ్చారు. కాసేపటికి కార్యాలయం తలుపు తెరుచుకుంది.

"అమ్మాయ్, నా చోట్లో ఎవరో ఉన్నారు."

ఇర్మెలి గారు తెర మీద చూశారు. ముప్పై రెండు, ముప్పై రెండు. ఒకదాని కింద ఒకటి. ఆ క్షణంలో తమకు కోపం కూడా రాలేదని ఆమె అనంతర కాలంలో తమ భర్త ఎస్కో గారితో చెప్పారట. ఆమె కౌంటరు దాటి వచ్చి, హెల్వీ గారి పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"తప్పు జరిగిపోయిందండి. మీదే ఆ చోటు. కాగితం ఉంది. అధికారుల అనుమతి అడిగి ఆయన్ని వేరే చోటికి మార్పిస్తాను. నేనే రాస్తాను."

"ఆయనకి భార్యా పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"ఏడ్చి, పూలు పెట్టి వెళ్లుంటారు." హెల్వీ గారు కర్ర కొనతో నేల మీది నీటి చుక్కలను కదిపారు. "వద్దమ్మా. ఇప్పుడు ఆ మనిషిని లేపి, ఇది నీది కాదు పదమంటామా? అర్వోనీ కదపనివ్వను. ఎక్కడివాళ్లని అక్కడ ఉండనీ."

చర్చి సంఘం విచారణ సంఘాన్ని నియమించింది. రికార్డుల బాధ్యత ఎవరిదని అడిగింది. ఉద్యోగ నియమావళి ప్రకారం ఇర్మెలి గారిది. ఆమె తాను ముందే హెచ్చరించానని, మూడు పుటలు ఇచ్చానని చెప్పారు. ఆ మూడు పుటలు దస్త్రాలలో కనిపించలేదు. అటువంటి అభ్యంతరమేదీ తమ దృష్టికి రాలేదని హన్ను గారు సెలవిచ్చారు. పిర్యో గారు తమకు జ్ఞాపకం లేదన్నారు. చివరగా ఈ వ్యాసకర్తను పిలిచారు.

"2011 సమావేశంలో తాస్కినెన్ గారు ఈ ప్రమాదం గురించి ఏమైనా చెప్పారా?"

"గుర్తులేదండి."

గోడవారగా కూర్చున్న ఇర్మెలి గారు అతని వైపు చూశారు. ఆ జూన్ నెలలో, రికార్డుల నిర్వహణలో అజాగ్రత్త వహించినందుకు, ఆమెకు లిఖితపూర్వకమైన హెచ్చరిక జారీ అయింది. డేటాబేస్ తెరిచే అధికారాన్ని ఆమె నుంచి తొలగించి, సమాధుల మీద పూలమొక్కలు నాటించుకునేవారి ఫోన్లు తీసే బల్లకు మార్చారు. ముప్పై రెండు సంవత్సరాల సేవకు లభించిన గుర్తింపు అది.

ఒక వారం తరువాత, తోట వ్యానులో ఆమెను బస్టాపు దాకా దింపుతూ, ఈ వ్యాసకర్త ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపారు.

"నీకు ముగ్గురు పిల్లలు. హన్ను నీ బాసు. నాకు అర్థమవుతుంది సౌలీ."

"ఇర్మెలీ..."

"అర్థమైంది కదా అని నొప్పి పోలేదు. అంతే. ఇక్కడ ఆపు, దిగుతాను."

బస్టాపు ఇంకా అర కిలోమీటరు ఉంది. ఆమె నడిచి వెళ్లారు.

వేరెవరైనా అయితే ఫోన్లు తీస్తూ, జీతం తీసుకుంటూ, మిగిలిన సంవత్సరాలు వెళ్లదీసేవారు. ఇర్మెలి గారు భోజన విరామంలో రొట్టె ముక్క కోటు జేబులో వేసుకుని, పాత అట్టల పుస్తకాల నుంచి రాసుకున్న కాగితాలతో తోటలోకి నడిచేవారు. శనివారాల్లో ఎస్కో గారు టేపు పట్టుకునేవారు. మూడు సంఘాల తోటలనూ, ఇనుప మేకు తరువాత ఇనుప మేకుగా, వర్షంలోనూ దోమల్లోనూ తిరిగి, ఒకే చోటుకు రెండు నమోదులున్న జతలను ఏరారు. నలభై ఒకటి తేలాయి. తెర మీద వాటిని సరిదిద్దే అధికారం ఆమెకు లేదు. జాబితాను చక్కగా రాసి, ఈ వ్యాసకర్త బల్ల మీద పెట్టి, "ఈ చోట్లకి చీటీ వస్తే తవ్వకు. ముందు నాకు ఫోన్ చెయ్," అన్నారు. ఏడు సంవత్సరాలలో అటువంటి చీటీలు ఆరు వచ్చాయి. ఆరుసార్లూ అతను ఫోన్ చేశాడు. ఆరు కుటుంబాలు తమకు ఏం తప్పిందో తెలియకుండానే ఇంటికి వెళ్లాయి.

ఇక హెల్వీ గారి విషయం. ఆమెకు తోటలో వేరే చోటు, మంచి ఎండ తగిలే చోటు, కార్యాలయం ఇవ్వజూపింది. అది అర్వో గారికి నాలుగు వందల అడుగుల దూరం. అర్వో గారి సమాధిలోనే స్థలం కావాలంటే ఒకే ఒక మార్గం ఉంది: బండ మీద శవపేటికకు లోతు చాలదు గాని, చితాభస్మం ఉంచే చిన్న కలశానికి చాలుతుంది. ఈ మాట ఆమెకు చెప్పవలసిన బాధ్యతను ఎవరూ తీసుకోలేదు. 2018 నవంబరులో, ఆ ఉద్యోగం తమది కాకపోయినా, ఇర్మెలి గారే ఆమె ఇంటికి వెళ్లారు. వంటింట్లో కాఫీ, యాలకుల బన్ను పెట్టి, హెల్వీ గారు అంతా విన్నారు.

"అంటే, మట్టి కావాలంటే ఆయనకి దూరంగా. ఆయన కావాలంటే మంటలో."

"అవునండి."

"డెబ్బై నాలుగేళ్లు ఆ వాసన తప్పించుకు తిరిగాను. పొయ్యి కూడా కరెంటుదే పెట్టించాను, చూశావుగా." ఆమె బన్ను తుంచి, తినకుండా పళ్లెంలోనే ఉంచారు. "సరే రాయి. కాల్చమని రాయి."

"తొందరేం లేదు. ఆలోచించుకోండి."

"నలభై ఐదేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం. ఇప్పుడు కొత్తగా ఆలోచించేదేముంది? రాయమ్మాయ్."

ఇర్మెలి గారు రాశారు. ఆ కాగితం మీద హెల్వీ గారి సంతకం వంకరగా ఉంది. 2019 ఫిబ్రవరిలో, ఎనభై నాలుగో ఏట, హెల్వీ గారు వెళ్లిపోయారు. అర్వో గారి పాదాల దగ్గర ఈ వ్యాసకర్త మూడడుగుల గుంట తవ్వాడు. కలశాన్ని దించడానికి బంధువులెవరూ లేరు. ఇర్మెలి గారు సెలవు పెట్టి వచ్చి, మంచులో మోకరించి, తమ చేతులతో దించారు. పక్కనే లిందెల్ గారి రాయి, దాని మీద పిల్లలు పెట్టిన దీపం వెలుగుతూ ఉంది. ఆ సంవత్సరపు వార్షిక నివేదికలో, 2016 నాటి సమస్య 'కుటుంబ సభ్యుల సంతృప్తి మేరకు పరిష్కరించబడినది' అని హన్ను గారు రాశారు. ఆ కుటుంబ సభ్యులెవరో అందులో లేదు. హెల్వీ గారికి పిల్లలు లేరు.

ఈ ఏడాది వసంతంలో రాజధాని నుంచి ఒక సలహాదారు వచ్చాడు. చురుకైన యువకుడు. పట్టికలను పరిశీలించి, జత నియమం లేకపోవడాన్ని కనిపెట్టాడు. నియమం ఎక్కాలంటే తప్పుడు జతలను ముందు ఏరాలని చెప్పి, దానికి ఆరు నెలలు పడుతుందన్నాడు. ఈ వ్యాసకర్త ఆ జాబితాను అతని చేతికిచ్చాడు. ఎవరు తయారు చేశారని యువకుడు అడగలేదు. ఈ వ్యాసకర్త చెప్పనూ లేదు. పని రెండు వారాలలో ముగిసింది. మే నెలలో జరిగిన సభలో హన్ను గారి నాణ్యతా కార్యక్రమానికి ప్రశంసా ఫలకం లభించింది. చప్పట్లు ఆగాక వెనుక వరుసలోంచి ఇర్మెలి గారు ఒక ప్రశ్న అడిగారు.

"పాత భాగానికి వరుస గడిలో ఏం పెట్టారు?"

"సున్నా పెట్టామండి," అన్నాడు యువకుడు హుషారుగా. "ఖాళీ వదిలేస్తే నియమం పట్టుకోదు. చాలామందికి తట్టదు ఈ సంగతి."

"మంచి ఆలోచన," అన్నారామె. కప్పులో మిగిలిన కాఫీ తాగి, ఫోన్ల బల్లకు తిరిగి వెళ్లారు.

ఈ అక్టోబరు తొమ్మిదో తేదీన ఈ వ్యాసకర్త సంఘ కౌన్సిల్‌కు ఒక లేఖ రాశాడు. 2011 ఏప్రిల్ సమావేశంలో శ్రీమతి తాస్కినెన్ గారు జరగబోయే ప్రమాదాన్ని స్పష్టంగా, లిఖితపూర్వకంగా హెచ్చరించారని, తాను విన్నానని, 2016లో గుర్తులేదని చెప్పినది అబద్ధమని, కనుక ఆమె మీది హెచ్చరికను రద్దు చేయవలసిందని కోరాడు. మూడు వారాలకు జవాబు వచ్చింది. సదరు హెచ్చరిక గడువు 2018లోనే ముగిసిపోయినందున, ప్రస్తుతం రద్దు చేయడానికి ఏదీ లేదని, దస్త్రం మూసివేయబడినదని అందులో ఉంది. ఆ రెండు కాగితాలనూ తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, జవాబును ఒకసారి, లేఖను రెండుసార్లు చదివారు.

"చేత్తో రాశావా?"

"చేత్తోనే."

"నీ చేతిరాత రానురాను అధ్వాన్నమైపోతోంది సౌలీ."

"అవును."

"ఏడేళ్లు పట్టింది నీకు."

"అవును."

ఆమె లేఖను నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకున్నారు. జవాబును బల్ల మీదే వదిలేశారు. ఫోన్ మోగింది. ఎవరో తమ తల్లి సమాధికి శీతకాలపు మొక్కలు కావాలంటున్నారు. ఆమె పెన్సిల్ అందుకుని, వరుస ఎంత, సంఖ్య ఎంత అని అడిగి, రెండుసార్లు తిరిగి చదివి వినిపించి రాసుకున్నారు. క్షమించానని ఆమె అనలేదు. ఆమె అనవలసిన అవసరమూ లేదు. కాని, ఈ విషయం మూసిన దస్త్రంలో కాక, ఆమె సహోద్యోగులూ, భర్త ఎస్కో గారూ, బంధుమిత్రులూ చదివే ఈ సంచికలో అచ్చులో ఉండాలని ఈ వ్యాసకర్త భావించాడు. సంపాదక వర్గం దీనిని కత్తిరించదలిస్తే మొత్తం తీసివేయాలి. కొంత మాత్రం ఉంచరాదని అతని మనవి.

శ్రీమతి ఇర్మెలి తాస్కినెన్ గారికి ఇకమీదట రోజులన్నీ తమవే కావాలి. మోకాళ్లు సహకరించి, సరస్సు గడ్డకట్టిన శీతకాలాలలో ఎస్కో గారితో కలిసి మంచు మీద ఎంత దూరమైనా స్కీలు వేసుకుని వెళ్లాలి. కంటి చూపు చెదరకుండా, నిద్ర చెడకుండా, ఫోన్ మోగినప్పుడు ఎత్తాలో వద్దో తామే నిర్ణయించుకుంటూ, ఆయురారోగ్యాలతో తులతూగాలి. మా తోటకు ఆమె తమకు ఇష్టమైన రోజున, సందర్శకురాలిగా మాత్రమే రావాలి. ఈ వ్యాసకర్త ఆరోగ్యవంతుడు. అతని తండ్రి తొంభై ఒక్క ఏళ్లు జీవించాడు. ఇర్మెలి గారి కోసం భూమిని తవ్వవలసిన పని ఏనాటికైనా వచ్చేసరికి, ఆ పని చేసేవాడు అతను కాకూడదని, అతను పోయిన చాలా ఏళ్ల తరువాత కూడా ఆమె బతికే ఉండాలని మనసారా కోరుకుంటూ,

సౌలి రంతల
సమాధుల తోట పర్యవేక్షకుడు, సర్కయోకి